బండి పట్టని సందు

మా ఆయన సిగ్గు వల్ల మాకు జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. పాస్టరుగారు నలుగురిలో ఒక చిన్న ప్రశ్న అడిగారు. ఈయన ఉన్న మాట చెప్పలేక నోటికొచ్చింది చెప్పేశారు. ఆ ఒక్క మాట మోస్తూ మేమిద్దరం అనకాపల్లి చుట్టుపక్కల రోడ్లన్నీ ఏళ్ళ తరబడి తిరిగాం.

అప్పటికి మా పెళ్ళయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. మా ఇల్లు రెండు గదులు, ఒక వసారా. ముందు గదిలో మా బావగారి కుటుంబం. వెనక గది మాది అని పేరు. కానీ సీలింగు ఫ్యాను ఉన్నది ఆ ఒక్క గదిలోనే. మా అత్తగారు ఆయాసం మనిషి కాబట్టి ఆవిడ అక్కడే పడుకునేవారు. ఆవిడ పడుకుంటే మా బావగారి ఆడపిల్లలిద్దరూ నానమ్మని వదిలి ఉండేవారు కాదు. మంచం ఆవిడది, చాపలు మావి. నా చాపకీ ఆయన చాపకీ మధ్య ఆ ఇద్దరు పిల్లలు.

నేను మాకవరపాలెం దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పొద్దున్న బస్సు, సాయంత్రం బస్సు, రెండింట్లోనూ నిలబడే ప్రయాణం. హైవేని నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. దుమ్ము తిని ఇంటికొచ్చేసరికి కాళ్ళు లాగేసేవి. ఆయనకి మోటారు వైండింగు షాపు ఉండేది. రైతుల నీళ్ళ మోటార్లు కాలిపోతే మళ్ళీ రాగి తీగ చుట్టి ఇవ్వడం పని. చెరకుకి తడి పెట్టే రోజుల్లో మోటార్లు వరసపెట్టి కాలేవి. మోటారు చేతికొచ్చేదాకా రైతులు ఆయన్ని ఇంటికి కదలనిచ్చేవారు కాదు, షాపు అరుగు మీదే కూర్చునేవారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోవాలంటే ఎవరిదో పెళ్ళికి వెళ్ళాల్సిందే.

విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాం. పరీక్షలన్నీ చేయించి, ఇద్దరిలోనూ లోపం లేదంది. ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎవరెక్కడ పడుకుంటారు అని అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి మా ఇద్దర్నీ కాసేపు అలా చూసింది.

"మందులు తర్వాత రాస్తాను. ముందు వారానికి ఒక్కరోజైనా ఎక్కడికైనా వెళ్ళండి. ఇద్దరే" అంది.

ఎక్కడికి వెళ్తాం? లాడ్జిలో గది తీసుకోవడం మా ఇళ్ళల్లో లేదు. తెలిసినవాళ్ళు చూస్తే పెళ్ళైన జంట అని కూడా ఆలోచించరు, ఏదో ఒకటి అంటగడతారు. బస్సు దిగుతూ ఆయనతో అదే అన్నాను. కొన్నాళ్ళకి ఒక పాత వ్యాను తోలుకొచ్చి ఇంటిముందు పెట్టారు. అంతకుముందు అది బేకరీ వాళ్ళ దగ్గర రొట్టెలు మోసింది. తలుపు తీస్తే లోపల ఇంకా రొట్టెల వాసన వచ్చేది. వెనక బల్ల మంచం చేయించారు, మడిస్తే గోడకి ఆనుకునేలా. మంచం కింద పెట్టెలో కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, రెండు దిండ్లు. నా పాత చీర చింపి కిటికీలకి తెరలు కుట్టాను. ఆ కుట్టిన రోజు నాకు భలే సంతోషంగా అనిపించింది. మాకూ ఒక గది వచ్చిందనుకున్నాను.

మా సంఘంలో కుట్టుమిషను కొన్నా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయాలి. ఆ తర్వాతే దాన్ని వాడటం. ఆదివారం ఆరాధన అయ్యాక వ్యానుని గుడి ఆవరణలో పెట్టించారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి వేసి, ఈయన వైపు తిరిగారు.

"బాబూ, ఈ బండి ఏ ఉద్దేశంతో కొన్నావో చెప్పు. ఆ ఉద్దేశం కోసమే ప్రార్థన చేద్దాం."

ఈయన వ్యాను వైపు చూశారు. నా వైపు చూశారు. చెవులు ఎర్రబడిపోయాయి. ఇంటికి సామాన్లు తేవడానికి అనొచ్చు. షాపు పనికి అనొచ్చు. మోటార్లు మోయడానికి అన్నా సరిపోయేది.

"సంఘం పనికేనండి. వారమంతా నాకు షాపుంటాది. శనివారం, ఆదివారం బండి ఖాళీగానే ఉంటాది" అన్నారు.

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అలవాటు కొద్దీ.

ఇక చూడాలి మా పాట్లు. శనివారం మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికే ఎవరో ఒకరు వసారాలో కూర్చుని ఉండేవారు. రావికమతంలో సువార్త సభలు, మైకు సెట్టు, కుర్చీలు చేరవేయాలి. ఎవరింట్లోనో ప్రార్థన కూటం, ముసలివాళ్ళు నడవలేరు, దింపాలి. పాటల బృందాన్ని తీసుకెళ్ళాలి, మళ్ళీ తీసుకురావాలి. ఒకసారి మేము ఎవరికీ చెప్పకుండా పులిహోర కలుపుకుని బయల్దేరాం. తాళ్ళపాలెం దాటకుండానే ఆయన సెల్లు మోగింది. అంతకు నెల ముందే సరదాపడి కొన్న సెల్లు అది. ఆయన ఎత్తారు, విన్నారు, బండి వెనక్కి తిప్పారు. ఆ పులిహోర మేము ఎవరింటి వాకిట్లోనో, కుర్చీలు దించే మధ్యలో తిన్నాం.

నేను గొడవ పెట్టుకోకుండా ఊరుకున్నానని కాదు. గట్టిగానే పెట్టుకున్నాను.

"మీరు ఆడింది అబద్ధమని దేవుడికి తెలుసు కదా. ఇంకా ఎందుకు భయం?" అన్నాను.

"దేవుడికి తెలుసు. సంఘానికి తెలీదు కదే" అన్నారాయన.

ఈ మనిషితో ఏం వాదిస్తాం? మడత మంచం గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయింది. దాని బందులకి తుప్పు పట్టింది. నెలలు గడుస్తున్నాయి, నా వయసు గడుస్తోంది. బస్సులో నిలబడి ఆ సంగతే ఆలోచించుకునేదాన్ని. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఇద్దరం ఒకచోట ఉండలేకపోతున్నామే అని ఏడుపొచ్చేది.

మా వ్యానులో ముందు సీటు మామ్మది. ఆవిడ మాకు బంధువు కాదు. సంఘంలో అందరికంటే పెద్దావిడ, విధవరాలు, గుడి వెనక వీధిలో ఒక గదిలో ఒంటరిగా ఉండేది. అందరం మామ్మ అనే పిలిచేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు చెరకు నరికే పనికి వెళ్ళిన మనిషి. తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి, సంచిలో బైబిలు. ఎవరు ముందొచ్చినా సరే, ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడితే వాళ్ళు దిగిపోవాల్సిందే. ఎక్కాక ఈయనకి బండి నడపడం నేర్పేది. "అక్కడ గొయ్యుంది సూడు" అనేది, గొయ్యి దాటిపోయాక.

ఒక ఎండాకాలం శనివారం రావికమతం నుంచి తిరిగొస్తుంటే మామ్మకి కళ్ళు తిరిగాయి. ఆ రోజు బండిలో మేము ముగ్గురమే, మిగిలినదంతా కుర్చీలు. బండి నీడన ఆపించి, కుర్చీలు పక్కకి నెట్టి, బల్ల మంచం దించి ఆవిడని పడుకోబెట్టాను. ఈయన మంచినీళ్ళ కోసం వెళ్ళారు. కాసేపటికి మామ్మ తేరుకుని, చేత్తో మంచం తడిమింది. కిటికీ తెరలు చూసింది. నేను తల కింద పెట్టిన దిండు చూసింది, పెట్టెలో మిగిలిన రెండో దిండూ చూసింది.

"ఇది కుర్సీలకి సేయించిన మంచం కాదే. ఎవురికే ఇది?" అంది.

అంతే. అలసిపోయి ఉన్నానేమో, డాక్టరమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి పాస్టరుగారి ప్రశ్న దాకా మొత్తం కక్కేశాను. సంఘాన్నీ తిట్టాను, మా ఆయన్నీ తిట్టాను. మామ్మ అడ్డు చెప్పకుండా విన్నది. చివరికి బోసినోటితో నవ్వింది.

"మా ఇంట్లో పదిమంది, ఒకటే గది. మా కాలంలో సెరుకు తోటలుండీవి. ఇప్పుడూ ఉన్నాయనుకో. మీకు సిగ్గెక్కువ."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈయన నీళ్ళు పట్టుకొచ్చేసరికి ఇద్దరం ఏమీ ఎరగనట్టు కూర్చున్నాం.

ఆ మర్నాడు గుడిలో ప్రకటనలు చదివే సమయానికి మామ్మ లేచి నిలబడింది. "నాకు ఎలమంచిలిలో కూతురుంది. దాన్ని సూసి సానా కాలమైంది. నెలకోపాలి ఆ బండిలో నన్ను దింపించండి. శనోరం ఎల్తాను, ఆదోరం సాయంత్రం వచ్చేత్తాను. ఆళ్ళిద్దరూ నాతోనే ఉంటారు, ఆదోరం ఆరాధన అక్కడే సేసుకుంటాం" అంది. అందరికంటే పెద్దావిడ ఇన్నేళ్ళలో సంఘాన్ని ఏదైనా అడగడం అదే మొదలు. పాస్టరుగారు సంతోషంగా సరేనన్నారు. ఈయనకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కాలేదు.

శనివారం వచ్చింది. ఎలమంచిలి రైల్వే స్టేషను దగ్గరకి రాగానే మామ్మ ఆపమంది.

"ఇక్కడ దింపీ. ఆళ్ళ సందులోకి బండి పట్టదు. అల్లుడొత్తాడు."

"నడిచి దింపుతాం మామ్మా" అన్నాను.

"ఒద్దు. మీరెల్లండి. రేపు సాయంత్రం ఈడికే రండి. ఎవురడిగినా మీరు నాతోనే ఉన్నారని సెప్తాను."

"అబద్ధం కదా మామ్మా?"

"నోరు నాది, అబద్ధం నాది. పైన నేను సెప్పుకుంటాను. నీకెందుకు?" అని సంచి చంకన పెట్టుకుని స్టేషను వైపు నడిచిపోయింది.

మేము రేవుపోలవరం వెళ్ళాం. సముద్రానికి కాస్త ఇవతల, సరుగుడు తోట పక్కన బండి పెట్టారాయన. మడత మంచం దించాం, తుప్పు పట్టిన బందులు కిర్రుమన్నాయి. ఆయన ఒకసారి నడుం వాల్చి చూస్తానన్నారు. నేనూ పక్కన వాలాను. గాలి బాగా వేస్తోంది. శనివారం మధ్యాహ్నం అలా వాలినవాళ్ళం ఆదివారం పొద్దున్న లేచాం. వల లాగేవాళ్ళ కేకలకి మెలకువ వచ్చింది. ఆయన చొక్కా కూడా విప్పలేదు. నా జడలో పిన్నులు అలాగే ఉన్నాయి.

ఎన్నాళ్ళో ఎదురుచూసి, ఒక ముసలావిడ చేత అబద్ధమాడించి, వచ్చి పడుకున్నాం. నా మీద నాకే కోపమొచ్చి మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఆయన లేచి, నా మొహం చూసి, సంగతి తెలుసుకుని, నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అలా నవ్వగా నేను పెళ్ళైన కొత్తలో చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను.

ఆ తర్వాత నెలనెలా వెళ్ళాం. కొండకర్ల ఆవ చెరువు గట్టున ఒకసారి, నర్సీపట్నం దాటి కొండల మొదట్లో ఒకసారి, ఎక్కువసార్లు మాత్రం ఆ సరుగుడు తోట దగ్గరే. స్టవ్వు వెలిగించి ఆయనే వంట చేసేవారు, చారు మాత్రం నేను పెట్టేదాన్ని. వంకాయ అంటే ఆయనకి ఇష్టం లేదని నాకు అక్కడే తెలిసింది. ఇంట్లో వాళ్ళమ్మ బాధపడుతుందని ఇన్నేళ్ళూ నోరెత్తకుండా తిన్నారట. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి, అక్కడ మాట్లాడితే ఆగేవారు కాదు.

అలాగని అంతా సుఖమే అనను. ప్రతి ప్రయాణం తర్వాత నేను ఎదురుచూసేదాన్ని. ఆ నెల కూడా కాదని తెలిసిన రోజు ఆ వ్యాను కళ్ళబడితే చాలు, రాయి పెట్టి కొట్టాలనిపించేది. మళ్ళీ శనివారం వస్తే మాత్రలు మింగినట్టు బయల్దేరేవాళ్ళం. కొన్నిసార్లు దారంతా ఒక్క మాట లేకుండా వెళ్ళేవాళ్ళం. రోడ్డూ అలసటే, ఆశా అలసటే.

ఆదివారం సాయంత్రం స్టేషను దగ్గరకి మేము ఎప్పుడు వెళ్ళినా మామ్మ ముందే వచ్చి ఉండేది. బండెక్కగానే మా గిన్నెల వైపు చూసేది.

"కూతురు ఏం పెట్టింది మామ్మా?" అనేదాన్ని.

"కోడికూర. అయినా నీ సేతి సారు నాకిష్టం, ఎయ్యి" అని మిగిలిన అన్నమంతా తినేది.

కాళ్ళ నిండా దోమకాట్లు ఉండేవి. దారి పొడుగునా గోక్కుంటూనే ఉండేది. "మీ అమ్మాయి ఇంట్లో దోమతెర లేదా?" అంటే "ఆళ్ళకి అలవాటే" అనేది. ఒకసారి ఆవిడ దిగిపోయాక నేను విసుక్కున్నాను కూడా, కన్నతల్లికి కడుపు నిండా పెట్టని కూతురు ఏం కూతురని. ఈయన అవునన్నట్టు తలూపారు.

చివరికి ఒకరోజు విశాఖపట్నంలో డాక్టరమ్మ, ఇక ఆశ పెట్టుకోవద్దని మెల్లగా చెప్పింది. వచ్చే దారిలో నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. ఆ శనివారం ఎలమంచిలిలో మామ్మ దిగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"మామ్మా, ఇంక వద్దు. డాక్టరమ్మ ఇంక కాదంది. నీకూ ఈ తిప్పలు ఎందుకు? ఇవాళ వెనక్కి వెళ్ళిపోదాం."

మామ్మ నా చెయ్యి విడిపించుకోలేదు.

"పిల్లల కోసమేనేటే ఇన్నాళ్ళూ ఎల్లింది? మొగుడూ పెళ్ళాం కలిసి నిద్దరోడానికి కూడా కారణం కావాలేటి? పొండి" అని దిగిపోయింది.

మేము వెళ్ళాం. ఆ రోజు మళ్ళీ పడుకుని నిద్రపోయాం, ఈసారి లేచాక నేను ఏడవలేదు. ఆ తర్వాత కూడా, మామ్మకి వ్యాను మెట్టు ఎక్కే సత్తువ ఉన్నంతకాలం, నెలనెలా వెళ్తూనే ఉన్నాం. ఎందుకు వెళ్తున్నామని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

ఒక వానాకాలం మామ్మ జ్వరంతో పడి మళ్ళీ లేవలేదు. శవపెట్టెని గుడికీ, గుడి నుంచి సమాధుల తోటకీ మా వ్యానులోనే తీసుకెళ్ళారు. ఆ బల్ల మంచం మీదే పెట్టారు. ఎలమంచిలి నుంచి కూతురు వచ్చింది. మా వయసు మనిషే, పొలం పనికి వెళ్ళే చేతులు. పెట్టె మీద పడి ఏడ్చిన ఏడుపుని ఆపడం ఎవరి వల్లా కాలేదు. అంతా అయ్యాక ఆమెని ఇంటి దగ్గర దింపమని పాస్టరుగారు మాకు చెప్పారు. చెప్పకపోయినా దింపేవాళ్ళం.

ఆమె ముందు సీట్లో, మామ్మ చోట్లోనే కూర్చుంది. ఎలమంచిలి వచ్చాక ఆయన అలవాటుగా స్టేషను దగ్గర బండి ఆపారు.

"ఇక్కడ దిగుతావా అమ్మా? మీ సందులోకి బండి పట్టదంట కదా" అన్నారు.

"ఎందుకు పట్టదు బాబూ? ఇసక లారీలే వత్తాయి. పోనీండి, నేను సెప్తాను" అంది.

చెప్పిన చోటల్లా తిప్పారు. సందులోకి బండి హాయిగా పోయింది. ఎదురుగా చెరకు బండి వస్తే పక్కకి తీయాల్సిన అవసరం కూడా రాలేదు. పెంకుటిల్లు ముందు బండి ఆగింది. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

కూతురు వెంటనే దిగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా ఆయన ఒక మాటన్నాడు, సానా కాలం కిందట. ఆ మాటకి అమ్మ మరి మా గడప తొక్కలేదు. నేనే రెండుసార్లు ఎల్లి కాళ్ళు పట్టుకున్నాను, రాలేదు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇయాల గుడి కాడ అందరూ అంటన్నారు, అమ్మ నెలకోపాలి మీ బండిలో ఎలమంచిలి వచ్చేదని. నా కాడికే వచ్చేదని. ఎక్కడుండేదమ్మా?"

నాకు ఆ గిన్నెలో మిగిలిన అన్నం గుర్తొచ్చింది, చారు పోయించుకుని వేళ్ళు నాక్కుంటూ తిన్న తీరు గుర్తొచ్చింది. కోడికూర గుర్తొచ్చింది. ఆ కూతురు నా మొహంలోకే చూస్తోంది.

"మాతోనే ఉండేది" అన్నాను. "మా ఇద్దరితోనే ఉండేది. నీ పేరు రోజూ తలుచుకునేది."

ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కి దిగిపోయింది.

తిరిగి వస్తూ ఆయన స్టేషను ముందు మళ్ళీ బండి ఆపారు. ఈసారి ఇంజను కూడా ఆపేశారు. బయట గోడవార ఒక సిమెంటు బెంచీ ఉంది. ఇన్నాళ్ళూ మామ్మ మా కోసం లేచి వచ్చింది దాని మీద నుంచే. పక్కన మురిక్కాలవ పారుతోంది. పొద్దు వాలుతోంది, ఎవరో సంచి తల కింద పెట్టుకుని బెంచీ మీద అప్పుడే నడుం వాలుస్తున్నారు. మేమిద్దరం దిగలేదు, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"ఇక్కడ దోమలు బాగా ఉంటాయి" అన్నారాయన.